శ్రమోద్యోగములందు సమానత్వము, సామర్థ్యము: గోదావరి డెల్టా

తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి, కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాలలో వ్యాపించియున్న గోదావరి డెల్టాయందు దేహశ్రమతో కూడిన పనులకు ఎవరిని నియమింపవలెను, వారికెంత ప్రతిఫలమీయవలెను, వారిలో నెవరిని పై పదవికి తీసికొనవలెను అను ప్రశ్నలకు ఆచారమును, శాసనమును, న్యాయస్థానములును వేర్వేరు కాలములలో వేర్వేరు సమాధానములు చెప్పినవి. ఈ సమాధానములన్నిటిలోను సామర్థ్యమను మాట వినవచ్చుచునే యుండును గాని, ఆ మాటయందు రెండర్థములు పెనవైచికొనియున్నవి: పనిని నెరవేర్పగల శక్తి యొకటి, అంతవరకు ఆ పనిని చేయుచు వచ్చినవారి పోలిక మరియొకటి. వివాదములు పెక్కింటికి ఈ రెంటిని ఒకటిగా నెంచుటయే మూలము.

1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట వలన డెల్టా మాగాణియైనది. తరువాత సార్వా, దాళ్వా పంటల కాలక్రమమే ఇచ్చటి కూలిపనుల పంపకమును నిర్ణయించినది. దుక్కి, దమ్ము, గట్లు వేయుట, ఆకుమడిలో ఆకుతీత, బస్తాల మోత ప్రాయికముగ పురుషుల పనులు, ఊడ్పులు, కలుపుతీత స్త్రీల పనులు, కోత ఉభయులదియు. వీనిలో మొదటి తరగతివి బరువు పనులనియు, రెండవ తరగతివి తేలిక పనులనియు వాడుక. మోకాలి లోతు బురదలో నడుము వంచి, వెనుకకు అడుగులు వేయుచు, వాన కురియుచున్నను ప్రొద్దుగూకువరకు నాటు వేయుట ఏ కొలతను బట్టి తేలికయైనదో చెప్పగలవారు కానరారు. ఆ పని చేయువారికి చిన్న కూలి కట్టినందున అది తేలిక యనిపించుకొన్నదేగాని, తేలికయగుటచే కూలి చిన్నది కాలేదని తలంచుటకు కారణము కలదు. ఏలయన ఊడ్పులను ఎకరమునకింత యని గుత్తకు ఒప్పుకొన్న స్త్రీల జట్టులు, అదను దాటకముందే పని ముగియవలెనని రైతు తొందరపడు దినములలో, తమ శ్రమకు మంచి ధర రాబట్టుకొనుట ఈ ప్రాంతమున ఎల్లరెరిగినదే.

సమాన వేతన శాసనము ఈ చిక్కును ఎదుర్కొన జూచినది. రాజ్యాంగము 39వ అధికరణమున స్త్రీపురుషులకు సమానమైన పనికి సమాన వేతనమను ఆదర్శము నిర్దేశింపబడినది. ఆ రాజ్యాంగమును రచించిన సభలో రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయి (తరువాత దేశముఖ్) సభ్యురాలు. అంతర్జాతీయ కార్మిక సంస్థవారి 1951 నాటి సమాన ప్రతిఫల ఒప్పందమును భారతదేశము 1958లో ధ్రువపరచినది. 1975లో ఆర్డినెన్సుగా వెలువడి, 1976లో చట్టమైన సమాన ప్రతిఫల శాసనము, నైపుణ్యము, ప్రయాస, బాధ్యత అను మూడును సమానముగనుండి, సదృశ పరిస్థితులలో జరుగు పనులను ఒకే రకపు పనులని నిర్వచించి, వానికి భేదము లేక చెల్లింపవలెననియు, సమము చేయు నెపమున పురుషుల వేతనమును తగ్గింపరాదనియు శాసించినది. మొదట నియామకములకు మాత్రమే వర్తించిన దాని 5వ విభాగమునకు 1987లో పదోన్నతి, శిక్షణ, బదిలీలు చేర్చబడినవి. 2019 నాటి వేతనముల కోడులో ఈ నియమముల సారాంశము కలిసిపోయినది. అయినను పొలములో ఈ శాసనమునకొక ప్రతిబంధకము గలదు: పనులకు పేర్లే వేరైనపుడు పోలిక ఎచ్చట మొదలిడవలెను? దమ్ముకు ఊడ్పుకు గల ప్రయాసను తూచు త్రాసు ఏ గ్రామాధికారి కచేరీలోను లేదు.

నరసాపురము లేసు పరిశ్రమ ఇందుకు మరింత విశదమైన నిదర్శనము. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున క్రైస్తవ మిషనరీల మూలమున ఈ ప్రాంతమునకు వచ్చిన క్రోషా అల్లిక, నరసాపురము, పాలకొల్లు పరిసర గ్రామములలో వేలకొలది స్త్రీలకు జీవనాధారమైనది. 1982లో ప్రకటితమైన పరిశోధకురాలు మరియా మీస్ గ్రంథము ఈ పరిశ్రమను ప్రపంచమునకు ఎరుకపరచినది. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లుచున్నను ఆ స్త్రీలు కార్మికులుగ గాక, తీరికవేళ పొద్దుపుచ్చు గృహిణులుగ లెక్కింపబడుటయు, సరకును సేకరించి ఎగుమతి చేయు వర్తకమంతయు పురుషుల చేతనుండుటయు ఆమె చూపినది. ఇందు దేహబలము ప్రసక్తి లేనే లేదు. నైపుణ్యము సంపూర్ణముగ స్త్రీలదే. అయినను అల్లిక నుండి వర్తకమునకు ఎక్కు మెట్టు వారికి లేకపోయినది. పదోన్నతియను మాట కచేరీలకే చెందినదని తలచువారు ఈ ఉదాహరణమును గమనింపదగును.

బరువు మోయుట మాత్రము నిజముగా దేహశక్తికి చెందిన విషయము. డెల్టాలో ధాన్యపు బస్తాయనగా 75 కిలోలు. పంట దిగుబడిని కూడ ఎకరమునకిన్ని బస్తాలని ఈ కొలతతోనే చెప్పుదురు. మిల్లులయొద్ద, గోదాములయొద్ద ముఠాలుగ ఏర్పడిన హమాలీలు దీనిని వీపునకెత్తుకొని బల్లమీదుగ లారీ ఎక్కుదురు. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన సిఫారసు ప్రకారము వయోజనుడైన పురుషుడొకడు మోయదగిన గరిష్ఠ భారము 55 కిలోలు. అనగా స్త్రీలు మోయలేరని వారిని దూరముంచుటకు హేతువైన బస్తా, పురుషుడు సైతము మోయరానిదే యని యేర్పడుచున్నది. ఉద్యోగపు కొలతను ఉద్యోగి దేహమునకు తగినట్లు మార్చుట స్త్రీలకు చేయు దయ యని వాదించువారు, ముప్పదియేండ్లు ముఠాపని చేసిన వాని నడుమును ఒకమారు పరిశీలింపవలెను.

ప్రభుత్వోద్యోగములకు జరుగు దేహదారుఢ్య పరీక్షలలో ఈ ప్రశ్న అంకెల రూపము దాల్చును. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబులు నియామకమునకు పురుషుల కనీసపు ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3 సెంటీమీటర్లు, స్త్రీల ఎత్తు 152.5 సెంటీమీటర్లు, బరువు 40 కిలోలు. పురుషులు 1600 మీటర్ల పరుగును 8 నిమిషములలో, స్త్రీలు 10 నిమిషముల 30 సెకనులలో ముగింపవలెను. ఈ దశాంశములు ఎచ్చటినుండి వచ్చినవో గ్రహించుట కష్టము కాదు: 167.6 సెంటీమీటర్లనగా ఐదడుగుల ఆరంగుళములు, 86.3 అనగా ముప్పదినాలుగు అంగుళములు. పాత కొలతను కొత్త కొలమానములోనికి మార్చిరి గాని, అంత ఎత్తు ఏల కావలెనని తిరిగి విచారించిన జాడ వానియందు లేదు. ఈ నిబంధనలలోనే తూర్పు, పశ్చిమ గోదావరులతో సహా ఐదు పూర్వ జిల్లాల ఏజన్సీ ప్రాంతపు గిరిజన పురుషులకు 160 సెంటీమీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల ఛాతీ చాలునని సడలింపు కలదు. రంపచోడవరము మన్యములో గస్తీ తిరుగుటకు 160 సెంటీమీటర్ల మనిషి చాలునేని, మైదానపు కాలువగట్టున తిరుగుటకు మరి ఏడున్నర సెంటీమీటర్లు ఎందులకను ప్రశ్నకు నిబంధనలలో జవాబు లేదు. సడలింపు న్యాయమైనదే, దాని వలననే మూలనియమపు బలహీనత బయటపడినది.

రైల్వే నాలుగవ తరగతి ఉద్యోగముల పరీక్ష మరియొక రీతిది. పురుషులు 35 కిలోల భారమును, స్త్రీలు 20 కిలోల భారమును క్రింద దింపక 100 మీటర్ల దూరము 2 నిమిషములలో మోయవలెను. రాజమహేంద్రవరము మీదుగ పోవు మార్గమున పట్టాలను కాపాడు గ్యాంగు పనికి కూడ ఇదియే పరీక్ష. నేటి పట్టా మీటరునకు 60 కిలోలు తూగును. కాంక్రీటు స్లీపరు రెండువందల యేబది కిలోలకు మించును. వీనిని ఒంటరిగ ఎత్తగలవారు స్త్రీలలోనే కాదు, పురుషులలోను లేరు. జట్టుగా, పట్టుకొయ్యలతో, ఒక్క కేకకు అందరు కదలుచు జరుపు పని యది. అట్టి పనికి వ్యక్తి నొక్కనిని ఇసుకమూటతో పరీక్షించుటలో కొంత అసంబద్ధత గలదనక తప్పదు.

అన్యదేశముల న్యాయస్థానములు ఈ విషయమును లోతుగ పరిశీలించినవి. అమెరికాలోని అలబామా రాష్ట్రమున చెరసాల కావలివారికి ఐదడుగుల రెండంగుళముల ఎత్తు, 120 పౌనుల బరువు ఉండవలెనను నియమము స్త్రీలలో నూటికి 41 మందిని, పురుషులలో నూటికి ఒక్కని కంటె తక్కువమందిని తొలగించుచుండగా, 1977లో ఆ దేశపు సుప్రీముకోర్టు దానిని కొట్టివేసినది. బలము కావలెనన్నచో బలమునే పరీక్షింపవలెను గాని ఎత్తును కాదని దాని తాత్పర్యము. కెనడాలో 1999 నాటి మెయోరిన్ తీర్పు ఇంకను ప్రసిద్ధము. అడవి మంటల నార్పు దళములో తృప్తికరముగ పనిచేయుచుండిన మెయోరిన్ అను స్త్రీ, 2.5 కిలోమీటర్ల పరుగును 11 నిమిషములలో ముగింపవలెనను క్రొత్త పరీక్షలో 49.4 సెకనులు వెనుకబడి ఉద్యోగము కోల్పోయినది. ఆ పరుగు లేనిదే మంట ఆర్పుట సాధ్యము కాదని ప్రభుత్వము నిరూపింపలేకపోయినందున ఆమెను తిరిగి నియమింపవలసి వచ్చినది. 1600 మీటర్ల పరుగు చోరుని పట్టుటకు ఏపాటి తోడ్పడునో ఆంధ్రదేశమున ఎవరును ఆ రీతిగ ప్రశ్నించినట్లు కానరాదు.

తెలుగుదేశమునకు సంబంధించినంతవరకు విద్యుత్ లైనుమెన్ ఉదంతము మెయోరిన్ తీర్పునకు ప్రతిబింబము వంటిది. 2019లో తెలంగాణలోని ఒక పంపిణీ సంస్థ జూనియర్ లైనుమెన్ ఉద్యోగములకు స్త్రీలు అనర్హులని ప్రకటింపగా, ఇరువురు యువతులు ఉన్నత న్యాయస్థానము నాశ్రయించిరి. న్యాయస్థానపు ఆదేశముచే 2020 డిసెంబరులో వారికి స్తంభమెక్కు పరీక్ష జరిగెను, వారందు ఉత్తీర్ణులైరి. ఇచ్చట పరీక్ష మారలేదు, సడలలేదు. పరీక్షకు పోవు తలుపు మాత్రమే తెరువబడినది. స్తంభమెక్కుట లైనుమాను నిత్యకృత్యము గనుక ఆ పరీక్ష పనినుండి పుట్టిన పరీక్ష. పోలీసు ఎత్తుకొలతకు దీనికి గల భేదమిదియే.

రక్షణ పేరిట విధించిన నిషేధముల చరిత్రయు ఇట్టిదే. 1948 నాటి కర్మాగారముల శాసనము రాత్రి 7 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు స్త్రీలచే పనిచేయింపరాదని విధించినది. రాత్రివంతు లేనివారికి ఆ వంతునకు చెందిన అధిక వేతనమును, మేస్త్రి పదవియు అందుట దుర్లభమని వేరుగ చెప్పనక్కరలేదు. మదరాసు హైకోర్టు 2000లోను, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2002లోను ఆ నిషేధమును రాజ్యాంగ విరుద్ధమని నిర్ణయించినవి.

నియామకములలో సామర్థ్యమునకును, సామాజిక న్యాయమునకును గల సంబంధము డెల్టా ప్రాంతము మదరాసు రాష్ట్రములో నుండిన నాటినుండియు వివాదాస్పదము. 83 జిల్లా మునసబు పదవులను హరిజనులకు 19, ముసల్మానులకు 5, క్రైస్తవులకు 6, వెనుకబడిన హిందువులకు 10, బ్రాహ్మణేతర హిందువులకు 32, బ్రాహ్మణులకు 11గ పంచిన పద్ధతిని 1951లో సుప్రీముకోర్టు వెంకటరమణ కేసున పరిశీలించి, హరిజనులకు, వెనుకబడినవారికి చేసిన కేటాయింపును మాత్రమే 16వ అధికరణము అనుమతించునని తీర్పు చెప్పినది. పదోన్నతులలో షెడ్యూల్డు కులములకు, తెగలకు రిజర్వేషనులు కల్పించు అవకాశమును 1995 నాటి 77వ సవరణ చేర్చినది. స్త్రీల విషయమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1984లో చేర్చిన సర్వీసు నిబంధన 22-ఎ విశిష్టమైనది: స్త్రీలే ఎక్కువ తగినవారగు ఉద్యోగములు, ఉభయులును సమముగ తగినవారగు ఉద్యోగములు, స్త్రీలకే ప్రత్యేకింపబడిన ఉద్యోగములు అని అది మూడు తెరగుల విభజించి, రెండవదానిలో కనీసము నూటికి 30 పదవులను స్త్రీలకీయవలెననినది. 1995లో సుప్రీముకోర్టు దానిని సమర్థించినది. ఏ ఉద్యోగమునకు ఎవరు సమముగ తగినవారో నిర్ణయించు భారము మాత్రము శాఖాధికారులపైననే మిగిలినది.

అంగవైకల్యము గలవారి విషయమున రోడ్డు రవాణా సంస్థ డ్రైవర్ల చరిత్ర జ్ఞాపకముంచుకొనదగినది. ఉమ్మడి రాష్ట్రమున 1979 డిసెంబరు 17 నాడు సంస్థకును, కార్మిక సంఘమునకును కుదిరిన ఒడంబడికలో, వర్ణాంధత్వము వలన బస్సు నడుపుటకు తగనివారైన డ్రైవర్లకు వేరు ఉద్యోగమీయవలెనను షరతు కలదు. ఎఱుపు, ఆకుపచ్చ దీపముల భేదమెరుగని కన్ను స్టీరింగునకు పనికిరాదు; డిపోలో చీటీలు వ్రాయుటకు, సామాను గదిని చూచుటకు దానికేమి లోపము? ఆ షరతు ఇప్పటికిని బలము గలదేయని 2025లో సుప్రీముకోర్టు ఒక డ్రైవరు వ్యాజ్యమున నిర్ణయించి, తగిన ఉద్యోగమీయవలసినదిగ ఆదేశించినది.

ఇటీవలి దశాబ్దములలో యంత్రములు డెల్టా పొలములోనికి వచ్చిన పిమ్మట పాత వాదమునకు క్రొత్త పరీక్ష ఎదురైనది. వరికోత యంత్రము కొడవలిని, పనలను, కుప్పనూర్పును ఒక్కమారుగ తొలగించినది. దాని సీటులో కూర్చుండుటకు కావలసినవి కండలు కావు, చేతులును, కన్నులును, లైసెన్సును. బలమే అడ్డంకి యైనచో ఆ సీటు స్త్రీలకు సులభముగ దక్కవలసినది. కాని కోత కూలి పోగొట్టుకొన్నవారు స్త్రీలు, సీటులో కూర్చున్నవారు పురుషులు. కారణములు వెదకిన వేరుచోట లభించును: యంత్రము పంట వెంబడి ఊరూరు తిరుగును, దానితో పోవువాడు రాత్రులు రోడ్డు ప్రక్కనే పరుండును, అప్పు అతని పేర పుట్టును. కొబ్బరి దింపునందు కొంత భిన్నమైన మార్గము కానవచ్చుచున్నది. మోకు పట్టి చెట్టెక్కు దింపు కార్మికులు కొరవడుటచే కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో కేరళమున ఆరంభించిన శిక్షణయందు కాలితో త్రొక్కుచు ఎక్కు పరికరమును స్త్రీలకు కూడ నేర్పిరి. పురుగుమందు చల్లుట కూడ ఇంతవరకు పురుషులదే. పదునారు లీటర్ల స్ప్రేయరును వీపున కట్టుకొని బురదలో నడువవలసినందున అట్లయ్యెనని చెప్పుదురు. 2023లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకమున స్వయంసహాయక సంఘములకు 15,000 డ్రోనులను ఇచ్చుటకు నిర్ణయమైనది. డ్రోనులో మందు ట్యాంకును యంత్రమే మోయును, నడుపు స్త్రీ గట్టుమీద నిలిచియుండును, అందుకు కావలసిన శిక్షణ 15 దినములు.