ఎనిమిది రాగి తీగల లెక్క

1826 జనవరి. జర్మనీలోని కొలోన్ నగరంలో ఒక స్కూలు మాస్టారు ఎనిమిది రాగి తీగలు సిద్ధం చేసుకున్నాడు. అన్నిటి లావూ ఒకటే, పొడవులే వేరు. అన్నిటికన్నా పొట్టిది రెండు అంగుళాలు, పొడుగుది 130 అంగుళాలు. ఒక్కో తీగలోంచీ కరెంటు పంపి, పక్కన వేలాడుతున్న అయస్కాంత సూది ఎంత బలంగా పక్కకు జరుగుతోందో కొలిచి పట్టిక రాసుకున్నాడు. పదో తరగతి పిల్లలు ఇవాళ చదువుకునే ఓమ్ నియమానికి ఆ పట్టికే పునాది.

ఆ మాస్టారు జార్జ్ సైమన్ ఓమ్. తాళాలు తయారుచేసే పనివాడి కొడుకు. తండ్రి తనంతట తానే లెక్కలు నేర్చుకుని, కొడుకులకూ నేర్పాడు. పనిముట్లు పట్టే ఒడుపూ ఆ ఇంట్లోనే అబ్బింది.

అంతకు ముందు ఏడాది, 1825లో, ఓమ్ ఇదే ప్రయత్నం ఓల్టా బ్యాటరీతో చేసి ఒక సూత్రం ప్రచురించాడు. అది నిలవలేదు. ఆనాటి బ్యాటరీ కలిపిన కాసేపటికే నీరసించేది. మొదటి తీగ దగ్గరున్న బలం రెండో తీగకు వచ్చేసరికి ఉండేది కాదు. బ్యాటరీ వదిలేసి థర్మోకపుల్ వాడమని పత్రికా సంపాదకుడు పోగెన్‌డార్ఫ్ సలహా ఇచ్చాడు. రాగి, బిస్మత్ ముక్కలను రెండు చోట్ల అతికించి, ఒక అతుకును మరిగే నీళ్లలో, రెండోదాన్ని మంచులో ఉంచితే వలయంలో కరెంటు పుడుతుంది. నీళ్లు మరుగుతున్నంతసేపూ, మంచు కరుగుతున్నంతసేపూ ఆ బలం మారదు. ఓమ్‌కు కావలసింది సరిగ్గా అదే.

ఇక అంకెలు చూడండి. రెండు అంగుళాల తీగకు వచ్చిన కొలత దాదాపు 327. 130 అంగుళాల తీగకు 48.5. పొడవు 65 రెట్లు పెరిగితే కరెంటు తగ్గింది ఏడో వంతుకే! ఎందుకిలా? థర్మోకపుల్‌కూ మిగతా అమరికకూ సొంత నిరోధం, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, ఉంది. అది 20.25 అంగుళాల రాగి తీగతో సమానమని ఓమ్ తేల్చాడు. దాన్ని కలిపితే మొదటి వలయం పొడవు 22.25 అంగుళాలు, చివరిది 150.25. వాటి నిష్పత్తి 6.75. కరెంటు తగ్గిన నిష్పత్తీ దాదాపు అంతే. వలయాన్ని నడిపే బలాన్ని, అంటే వోల్టేజీని, మొత్తం నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుందన్నమాట. తిరగేస్తే, వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం.

ఈ సూత్రంతో ఆయన పుస్తకం 1827లో బెర్లిన్‌లో వచ్చింది. ఓమ్ ఆశించిన ఆదరణ మాత్రం రాలేదు. కొలోన్ ఉద్యోగం వదులుకున్న ఆయనకు 1833లో గానీ న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చోటు దొరకలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాకే పేరు వచ్చింది.

ఆ రోజుల్లోనే ఇంగ్లండ్‌లో, సాల్ఫర్డ్‌కు చెందిన బీరు వ్యాపారి కొడుకు జేమ్స్ జౌల్ తీగచుట్టను నీళ్లలో ముంచి, కరెంటు పంపి, థర్మామీటరు చూస్తున్నాడు. కరెంటు రెట్టింపైతే అంతే సమయంలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతోంది. వేడి కరెంటు వర్గానికీ, నిరోధానికీ అనులోమంగా ఉంటుందని 1841 నాటికి తేల్చాడు. దీనికి ఓమ్ నియమం జోడిస్తే లెక్క సులువైపోతుంది: వోల్టేజీని కరెంటుతో గుణిస్తే పవర్. దాని ప్రమాణానికి వాట్ అనే పేరును 1882లో విలియం సీమెన్స్ ప్రతిపాదించాడు.

ఈ గుణకారాలూ భాగహారాలూ వ్యాపారంలోకి దిగింది ఎడిసన్ చేతిలో. వంద వాట్ల దీపాన్ని 10 వోల్టుల మీద వెలిగించాలంటే 10 ఆంపియర్లు కావాలి, అంటే ఫిలమెంట్ నిరోధం ఒక ఓమ్. అదే 100 వోల్టుల మీదైతే ఒక ఆంపియర్ చాలు, నిరోధం 100 ఓమ్‌లు. కరెంటు పదో వంతుకు తగ్గితే, అదే సరఫరా తీగలో వృథాగా పోయే వేడి నూరో వంతుకు పడిపోతుంది. సన్నని తీగతో పని జరుగుతుంది, రాగి ఖర్చు మిగులుతుంది. ఎడిసన్ నిరోధం ఎక్కువున్న ఫిలమెంట్ కోసం పట్టుబట్టడానికి కారణం ఇదే. 1879లో కాల్చి బొగ్గుగా మార్చిన నూలు దారంతో ఆయన బృందం దాన్ని సాధించింది. 1882 సెప్టెంబరు 4న న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి 110 వోల్టుల సరఫరా మొదలైంది.

మన ఇళ్లలో వోల్టేజీ 230. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు తీసుకునే కరెంటు 60ని 230తో భాగిస్తే సుమారు 0.26 ఆంపియర్. 230ని దానితో భాగిస్తే నిరోధం సుమారు 880 ఓమ్‌లు. కానీ ఆరిన బల్బుకు మల్టీమీటరు పెట్టి చూస్తే అందులో పదో వంతు కూడా చూపించదు. ఓమ్ నియమం ఉష్ణోగ్రత మారనప్పటి మాట. వెలిగే టంగ్‌స్టన్ తీగ వేడి రెండువేల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, నిరోధమూ దానితోపాటే పెరుగుతుంది. అందుకే వెలుగుతున్న బల్బు నిరోధం తెలియాలంటే వెలుగుతుండగానే వోల్టేజీ, కరెంటు కొలిచి భాగించాలి. స్విచ్ వేసిన తొలి క్షణంలో తీగ ఇంకా చల్లగానే ఉంటుంది కాబట్టి మామూలుకన్నా ఎన్నో రెట్ల కరెంటు దూసుకొస్తుంది. పాత బల్బులు చాలావరకు స్విచ్ వేయగానే టప్పుమని పోయేది అందువల్లే.