రాసిందెవరు, బాధ్యతెవరిది? గుంటుపల్లి లేఖకుడి నుంచి ఏఐ కమిట్ దాకా

ఏఐ ఏజెంట్లు కోడ్ రాయడమే కాదు, ఇప్పుడు కమిట్ కూడా అవే చేసేస్తున్నాయి. ఆ టూల్స్ గురించే ఈ ఎపిసోడ్. కానీ కథ మొదలయ్యేది మన కామవరపుకోట దగ్గర.

కమిట్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. కోడ్‌లో మార్పు చేసినప్పుడు ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రాసి దాచే ఎంట్రీనే కమిట్. ఒకరకంగా అది శాసనం లాంటిదే.

కామవరపుకోట మండలంలో, జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి కదా. అక్కడి మండపం స్తంభాల మీద దాదాపు రెండు వేల ఏళ్ల నాటి శాసనం ఉంది. లిపి బ్రాహ్మీ, భాష ప్రాకృతం. అందులో ఉన్న విషయం చాలా చిన్నది. కళింగ, మహిషక దేశాల అధిపతి, మహామేఘవాహనుడైన మహారాజు సిరి సద. ఆయన దగ్గర లేఖకుడు చులగోమ. ఈ మండపం ఆ లేఖకుడి దానం. అంతే!

లేఖకుడంటే రోజూ రాజు మాటను రాసిపెట్టేవాడు. ఇక్కడ మాత్రం రాజు ఎవరు, తానెవరు, ఏం ఇచ్చాడు అనే మూడూ విడివిడిగా కనిపిస్తాయి. రాజు పేరులో తన పేరు కలిసిపోలేదు. ఇంకో సంగతి. 1968లో ఈ శాసనాన్ని మొదట ప్రచురించినప్పుడు ఇది ఖారవేలుడిది అనుకున్నారు. తర్వాతి పండితులు మళ్లీ చదివి, కాదు, సదరాజుది అన్నారు. ఒక్క పేరు దగ్గర తేడా వస్తే ఒక రాజవంశం చరిత్రే మారిపోతుంది.

ఇప్పుడు ఏలూరు పక్కనున్న పెదవేగికి వద్దాం. ఒకప్పటి వేంగి అదే. ఆ వేంగి పేరుతో ఏలిన తూర్పు చాళుక్యుల రాగి శాసనాలు ఈ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకెళ్లాయి. పదో శతాబ్దపు రెండో అమ్మరాజు శాసనాల చివర చూడండి. దానం చేసింది రాజు. దాన్ని అమలు జరిపే అధికారి ఆజ్ఞప్తి. పద్యాలు కట్టిన కవి వేరు. రాసినవాడు వేరు, జొంటాచార్యుడనే పేరు చాలా చోట్ల కనిపిస్తుంది. ఎవరి పని వాళ్ల పేరు మీదే. పైగా రేకులన్నిటినీ ఒక కడియానికి గుచ్చి, దాని కొసలను రాజముద్రలో బిగించేవారు. మధ్యలో రేకు మార్చాలంటే కడియం తెంచాల్సిందే, దొరికిపోతారు.

కంప్యూటర్లలో ఈ పని 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ తయారుచేసిన ఎస్‌సీసీఎస్‌తో మొదలైంది. 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కోసం గిట్ రాశాడు. గిట్‌లో ప్రతి కమిట్‌లోనూ దాని ముందు కమిట్ హ్యాష్ ఉంటుంది. పాతది ఒక్క అక్షరం మారిస్తే ఆ తర్వాతి హ్యాష్‌లన్నీ మారిపోతాయి. వేంగి రేకుల కడియం లాంటిదే అన్నమాట. మార్పు రాసినవాళ్ల పేరుకు ఆథర్, దాన్ని ఎక్కించినవాళ్ల పేరుకు కమిటర్ అని రెండు వేర్వేరు చోట్లు కూడా ఉన్నాయి.

కానీ ఒక లోపం ఉంది. మీరు సెట్టింగ్స్‌లో ఏ పేరు టైప్ చేస్తే గిట్ ఆ పేరే రాసుకుంటుంది, నిజమా అని అడగదు. మీ ల్యాప్‌టాప్‌లో నడిచే ఏజెంట్ కమిట్ చేస్తే, వేరే ఏర్పాటు లేకపోతే, మీ పేరే పడుతుంది. ఆరు నెలల తర్వాత ఆ లైన్ వల్ల ఎవరి డబ్బో పోయిందనుకోండి. గిట్ బ్లేమ్ కొడితే కనిపించేది మీరే. మీరు ఆ లైన్ ఒక్కసారైనా చదివి ఉండరు!

ఈ సమస్యకు లినక్స్ వాళ్ల దగ్గర పాత జవాబు ఉంది. 2003లో ఎస్‌సీఓ కంపెనీ లినక్స్‌లో తమ కోడ్ ఉందంటూ ఐబీఎం మీద కేసు వేసింది. 2004 నుంచి లినక్స్‌లో ‘సైన్డ్ ఆఫ్ బై’ అనే వరుస వచ్చింది. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది, జవాబుదారీ నాది అని దాని అర్థం. ఇప్పుడు వాళ్ల నియమాల్లో ఏఐ ఏజెంట్ ఆ వరుస రాయకూడదని స్పష్టంగా ఉంది. ఏజెంట్ సాయం తీసుకుంటే ‘అసిస్టెడ్ బై’ అని విడిగా చెప్పాలి. సంతకం మాత్రం మనిషిదే.

కాబట్టి ఏజెంట్‌తో కమిట్ చేయించే టూల్ మీరు వాడినా, మీరే తయారుచేసినా, దాని డాక్యుమెంటేషన్‌లో నాలుగు జవాబులు ఉండాలి. ఆథర్‌గా ఎవరి పేరు పడుతుంది? ఏజెంట్ పేరు ఎక్కడ కనిపిస్తుంది? కమిట్‌కు ముందు మనిషి చూసి ఒప్పుకోవాలా, అక్కర్లేదా? తప్పు జరిగితే వెనక్కి తీసుకోవడం ఎలా? ఈ నాలుగూ రాయకపోతే ఆ టూల్ ఎంత స్పీడుగా పనిచేసినా నమ్మడం కష్టమే.

లేఖకుడు మనిషైనా, మెషీనైనా అతని పేరు విడిగా ఉండాలి. ఒప్పుకున్నవాళ్ల పేరూ ఉండాలి. ఈసారి కమిట్ బటన్ నొక్కే ముందు ఆ మెసేజ్ ఒకసారి పూర్తిగా చదవండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.