పెట్టెకు కడియం, సొరుగుకు పిడి

చరిత్ర అనగానే మనకు కోటలు, శాసనాలు, యుద్ధాలు జ్ఞప్తికి వస్తవి. అనంతపురం సీమలో వాటికి కొదువ లేదు. గుత్తి, పెనుకొండ దుర్గాలున్నవి. తాడిపత్రి, లేపాక్షి ఆలయాలున్నవి. అయితే ఆ కోటల నీడన సామాన్య జనులు ఎట్లా బ్రతికారో తెలియాలంటే ఇంటిలోని పెట్టెను కూడ చూడవలసి ఉంటుంది. దాని మూతకున్న గొళ్లెం, ప్రక్కల కడియాలు, మూలల పట్టీలు, ముఖాన గుబ్బలు చిన్న వస్తువులే. వాటిని ఎన్నుకొన్నవారు ఏమి ఆలోచించి ఎన్నుకొన్నారో నేడు మనం పరిశీలిద్దాం.

ముందుగా ఈ నేల స్వభావం చూడాలి. ఈ పీఠభూమిలో ఏడాదికి సగటున కురిసే వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. దట్టమైన అడవి తక్కువ. చేతికందే కలప వేప, తుమ్మ, చింత. ఎండకాలపు పొడిగాలికి పలక ముడుచుకొంటుంది, వానకారు చెమ్మకు తిరిగి ఉబ్బుతుంది. ఏటేటా ఇట్లు జరిగితే అతుకులు వదులై బీటలు వారుతవి. అందువలన మూలలకు ఇనుపపట్టీలు చుట్టి, చీల మొనలను లోపలివైపు వంచి కొట్టడం అవసరమైనది. దొరికిన కొద్దిపాటి కలపను తరాలపాటు నిలుపుకోవడానికి పుట్టిన ఉపాయమిది. పట్టీ చివరను ఆకుగా, మొగ్గగా తీర్చిన సొగసు దాని వెంట వచ్చినది.

ఏ లోహం వాడాలన్న ప్రశ్నకు కూడ గాలియే సమాధానమిచ్చినది. సముద్రతీరాన ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అక్కడ ఇత్తడి మేలు. పొడినేలలో ఇనుము చిరకాలం నిలుస్తుంది. పైగా అది ఇరుగుపొరుగున దొరికేది. 1800లో మైసూరు రాజ్యంలో పర్యటించిన ఫ్రాన్సిస్ బుకానన్, మధుగిరి ప్రాంతంలో నల్లని ఇసుకను కరిగించి ఇనుము తీసే పద్ధతిని వర్ణించాడు. ఆ మధుగిరి మన మడకశిరకు పొరుగే.

ఒక్క పెట్టెలో మూడు వృత్తుల పనితనం కలిసేది. పలకలు వడ్రంగివి, పట్టీలు, గొళ్లెం, కడియాలు కమ్మరివి, ఇత్తడి గుబ్బలు కంచరివి. ఇత్తడి ఇంటి పరువును చాటేది. అంతేగాక తూకానికి వెల పలికే లోహమది. ఈ రెండవ గుణం కరవుసీమలో స్వల్పమైనది కాదు. 1876–78 నాటి మహాకరవు బళ్లారి జిల్లాను దారుణంగా పీడించినది. అనంతపురం నాడు ఆ జిల్లాలోనిదే. 1882లో వేరు జిల్లా అయినది. ఆ కరవులో దక్షిణాది రైతులు నగలు, పాత్రలతోపాటు ఇంటి తలుపులను సైతం అమ్ముకొన్నారు. ఇట్టి చోట పెట్టె ముఖానున్న ఇత్తడి అలంకారమూ అయినది, ఆపద్ధనమూ అయినది.

మన పాత పెట్టె పైకి తెరచుకొనేది. దానికి కావలసినవి మూత మూయడానికి గొళ్లెం, రాయలసీమవారు బీగమని పిలిచే తాళం, ఇద్దరు చెరియొక ప్రక్క పట్టి మోయడానికి కడియాలు. సొరుగు అట్టిది కాదు. ముందుకు లాగితేగాని రాదు. కనుక దాని ముఖానికి పిడి కావలసివచ్చినది. సొరుగులు, అరలు గల సామాను మన యిండ్లకు పెక్కు విధాల పరదేశీయుల వెంట వచ్చినదని మాటలే చెబుతున్నవి. అలమారు అనే మాట పోర్చుగీసు భాష నుండి, బీరువా అనే మాట ఫ్రెంచి నుండి వచ్చినవే.

1800లో దత్తమండలాలు కంపెనీవారి వశమైన పిమ్మట థామస్ మన్రో అనంతపురం కేంద్రంగా 1807 వరకు పాలన సాగించాడు. ఆయన గుడారాలలో బస చేస్తూ ఊరూరా తిరిగి శిస్తు నిర్ణయించాడు. ఆ కాలపు ఆంగ్ల అధికారులు, సైనికులు వాడిన ప్రయాణపు సొరుగుపెట్టెల పిడులు చెక్కలోనికి దిగి, ముఖంతో సమంగా ఉండేవి; మూలలకు ఇత్తడి కట్లుండేవి. బండిలో పేర్చినప్పుడు పిడి మరొకదానికి తగులరాదన్నదే అందలి యోచన. వారి పిడి ప్రయాణాన్ని తలచినది, మన కడియం కరవును తలచినది.

తరువాత కార్ఖానాల కాలం వచ్చినది. బర్మింగ్‌హామ్ వర్తకులు బొమ్మల పుస్తకాలు పంపి దేశదేశాలలో ఇత్తడి పిడులు అమ్మేవారు. 1871 నాటికి మద్రాసు–బొంబాయి రైలుమార్గం తాడిపత్రి, గుత్తిల మీదుగా పూర్తి అయినది. మరచీలలు, మడతబందులు సంతకు చేరడం తేలికైనది. బొంబాయిలో 1897లో తాళాల తయారీ ఆరంభించిన గోద్రెజ్‌వారు 1923లో ఉక్కు బీరువాలు చేయసాగారు. ఊరి కమ్మరి కొలిమికి ఒక పని తగ్గినది.

నేడు పిడులు ఎన్నుకొనేవారు మెరుపును ముందు చూస్తారు. పాతవారి ప్రశ్నలు వేరు: దీనిని లాగే చేతికి పట్టు దొరుకుతుందా? నిండిన సొరుగు బరువుకు ఇది నిలుస్తుందా? ఈ కలపకు, ఈ గాలికి సరిపడుతుందా? క్రొత్త బీరువాకైనా ఈ ప్రశ్నలు వేసుకోవడం మేలు.

మరొక్క మాట. పాత పెట్టెలను విప్పి, ఇత్తడిని తూకానికి, చెక్కను పొయ్యికి ఇవ్వడం సులభం. ఆకలి నాడు అట్లా అమ్ముకొన్నవారిని ఎవరూ తప్పుపట్టలేరు. కడుపు నిండిన నాడు కూడ అమ్ముకొంటే ఎన్నో కరవులకు తట్టుకొన్న సాక్ష్యాన్ని మనమే చెరిపివేసినవారమవుతాము. చెక్క నుండి వేరైన కడియం వట్టి ఇనుము. చెక్కకున్నంతకాలం అది ఒక కుటుంబపు చరిత్ర. ఇంట అట్టి పెట్టె ఉన్నవారు ఇనుముకు కొంచెం నూనె రాచి, వదులైన చీలను పాత రంధ్రంలోనే బిగించి, దాని నిజస్థానంలోనే ఉంచవలసినదిగా మేము కోరుతున్నాము.