ఏటినీటి కొలత

వానకాలమున ఏఱు పొంగుట చూచి, "ఈ నీటితో విద్యుచ్ఛక్తి పుట్టింపరాదా?" యని పెద్దలు నన్నడుగుట కలదు. దీనికి మైసూరు చరిత్రమే తగిన సమాధానము.

1902లో కావేరిపై శివసముద్రము కడ విద్యుత్కేంద్రము వెలసెను. అందలి శక్తి తీగలమీదుగా 92 మైళ్లు సాగి కోలారు బంగారుగనులకు చేరెను. జలపాతము గొప్పదే, కాని వేసవిలో నది సన్నగిల్లగా యంత్రములకు నీరు చాలదయ్యెను. గనులకు శక్తి యేడాది పొడవునను కావలెను గదా! ఆ కొఱత తీర్చుటకును, పొలములు తడుపుటకును 1911లో కన్నంబాడి కడ ఆనకట్ట నారంభించిరి. అప్పటి చీఫ్ ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారి పూర్వులు తెలుగునాటి మోక్షగుండము గ్రామమువారు.

కావున ఏటిని వేసవిలో కొలువవలెను. తిన్నగా పాఱుచోట 100 అడుగులు గుర్తించి, ఎండుకట్టె నొకటి విడిచి, అది యెన్ని సెకండ్లలో దాటునో చూచినచో వేగము తెలియును. వెడల్పును, సగటు లోతును, వేగమును హెచ్చింపవలెను. పైనీరు అడుగునీటికంటె వడిగా పాఱును గాన, ఫలమున నూటికి సుమారు 85 పాళ్లే గ్రహింపవలెను. సెకండునకు 11 ఘనపుటడుగుల నీరు ఒక్క అడుగు దిగినచో, యంత్రనష్టములు పోగా సుమారొక అశ్వశక్తి లభించును.

ఒక్క వేసవి కొలతయు చాలదు. ఏ కరవున ఏఱు ఎంతవఱ కెండెనో మీ జ్ఞాపకమున గలదు. దానిని వ్రాసియుంచుడు. వరదను చూచి యంత్రము కొన్న గ్రామమునకు వేసవిలో అప్పే మిగులును.