ఆదితాళంలో ఒక అద్దం

ఉంగరం ఉంటే తీసి ఆ గూట్లో పెట్టండి, వాచీ కూడా. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తుడుచుకోకుండా తడిచేతులతోనే వరండాలోకి రండి. ఇది విజయవాడ, మా పెరటి వైపు. ఎండ గోడ దిగింది గానీ గచ్చు ఇంకా కాలుతూనే ఉంది. వరండా నడుమ నీళ్ళు నింపిన నీలం డ్రమ్ము. దాని మీద మందపాటి చెక్క, చెక్క మీద మూడు దిమ్మల మధ్య కదలకుండా బిగించిన గుండ్రటి గాజుబిళ్ళ. ఆ బిళ్ళ మీద సరిగ్గా అంతే ఉన్న ఇంకో బిళ్ళ. పైబిళ్ళ మీద రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డ పిల్ల మా అమ్మాయి. తొమ్మిదో తరగతికి వచ్చింది. జడ పైకి మడిచి ముడేసుకుంది, చున్నీ తీసి కిటికీ ఊచకి కట్టేసింది.

మేం టెలిస్కోపుకి అద్దం నూరుతున్నాం. 150 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం. కొనుక్కోవచ్చు కదా అని ఇంటికొచ్చిన వాళ్ళంతా అడుగుతారు. కొనుక్కోవచ్చు. కానీ కొన్న అద్దంతో ఆకాశం చూడటం ఒక్కటే ఉంటుంది. మా ఇద్దరికీ ఈ నూరడం కూడా కావాలి.

"నాన్నా, తడి!"

పొడి అయిపోయిందని అర్థం. తను పైబిళ్ళని పక్కకి జరిపి ఎత్తుతుంది. నేను కిందిబిళ్ళ మీద 80 నంబరు కార్బొరండం పొడి చల్లి, స్ప్రే సీసాతో నీళ్ళు కొడతాను. మళ్ళీ పైబిళ్ళ దిగుతుంది. ఇప్పుడు చెవి పెట్టి వినండి. మొదట గరగరమని, మాట వినపడనంత మోత. పొడి నలిగేకొద్దీ అది సన్నబడి సరసరలోకి దిగుతుంది. మరికాసేపటికి సద్దు అణిగిపోతుంది. అప్పుడు మళ్ళీ "తడి". ఈ మోత వినే పొడి ఎప్పుడు చచ్చిపోయిందో చెప్పాలి, కంటితో తెలియదు. వయొలిన్ నేర్చుకుంటున్న పిల్ల కాబట్టి తన చెవి నాకన్నా ముందు పట్టేస్తుంది.

తన కాళ్ళు చూడండి. ఎనిమిది తోపులు, ఒక అడుగు. ఎనిమిది తోపులు, ఒక అడుగు. అడుగేసినప్పుడల్లా చేతిలో బిళ్ళని కొంచెం తిప్పుతుంది, అలా డ్రమ్ము చుట్టూ ప్రదక్షిణం. పుస్తకాల్లో రాసింది ఏమిటంటే, కొన్ని తోపులు తోసి స్థానం మారాలని. ఆ కొన్నిని ఎనిమిది చేసింది తనే. పక్కన స్టూలు మీద స్పీకర్లో బాలమురళీకృష్ణ త్యాగరాజ పంచరత్నాలు పాడుతున్నారు. ఐదూ ఆదితాళమే. లఘువుకి నాలుగు, రెండు ద్రుతాలకి నాలుగు, సమం దగ్గర అడుగు. తాళం వేసే చెయ్యి గాజు మీద ఉంది కాబట్టి లెక్క పాదాలకి వెళ్ళింది.

బాలమురళి నా వంతు. మా అమ్మ ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని పెట్టి ముగ్గులేసేది, ఆ గొంతుతోనే నాకు తెల్లవారేది. ఆయన ఎనిమిదేళ్ళ వయసులో మొదటి కచేరీ చేసింది ఈ ఊళ్ళోనే అని చెబితే మా అమ్మాయి, "ఎనిమిదేళ్ళకా?" అని తోపు ఆపేసి మరీ అడిగింది. తన వంతు వచ్చినప్పుడు ఇళయరాజా. సినిమా పాటలు కూడా ఉన్నాయి గానీ, ఇక్కడ డ్రమ్ము దగ్గరికి మాత్రం 1986లో వచ్చిన 'హౌ టు నేమ్ ఇట్' కావాలి. మాటల్లేని సంగీతం. త్యాగరాజుకీ, బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చిన ఆల్బం అది. వి.ఎస్. నరసింహన్ వయొలిన్. అందులో ఒకచోట బాఖ్ రాసిన ఒంటరి వయొలిన్ పరుగు తన దారిన తను పోతుంటే, దాని పక్కనే ఇళయరాజా తన స్వరాన్ని అల్లుకుంటూ వస్తాడు. రెండూ ఒకదాన్నొకటి తోసుకోవు. ఆ చోటు రాగానే మా అమ్మాయి తోపు తేలికవుతుంది. నేను చెప్పనక్కర్లేదు, మీకే కనిపిస్తుంది.

ఇలా రండి, నా వైపు నిలబడండి. ఇప్పుడు నా చేతులు గాజు మీద ఉన్నాయి, తను పొడి చల్లుతోంది. మూడో తడి దగ్గర, డబ్బా మూత బిగిస్తూ, నా వైపు చూడకుండా అంది: "నాన్నా, అది నాతో మాట్లాడ్డం మానేసింది."

అది అంటే ఎవరో నాకు తెలుసు. ఒకటో తరగతి నుంచీ పక్క బెంచీ. నేను తోపు ఆపలేదు. ఒక ఆవర్తనం పోయింది. అడుగు వేశాను. ఇంకో ఆవర్తనం. "వేరే సెక్షన్‌లో వేశారుగా, అక్కడ కొత్తవాళ్ళు దొరికారు," అంది. మళ్ళీ గరగర. మళ్ళీ సరసర. "నాకు కోపం లేదు. కొంచెం ఉంది." స్ప్రే సీసా అందుకుని నీళ్ళు కొట్టింది, ఒకసారి చాలేదానికి మూడుసార్లు.

ఇదే మాట అన్నం దగ్గర ఎదురుగా కూర్చోబెట్టి, "ఏమ్మా, అలా ఉన్నావేం?" అంటే వచ్చేది కాదు. నేను గట్టిగా నమ్మే మాట చెబుతాను. ఈ ఈడు పిల్లల్ని ముఖంలోకి చూసి అడక్కూడదు. ఇద్దరి కళ్ళూ మూడో వస్తువు మీద ఉండాలి, చేతులకి పని ఉండాలి, మాట మాటకీ మధ్య ఖాళీని నింపే పాట ఒకటి సాగుతుండాలి. అప్పుడు ఆ ఖాళీ ఎవరికీ బరువనిపించదు.

పని మారింది, మీరూ వంగి చూడండి. స్టీలు స్కేలు నిలువుగా అద్దం మీద పెట్టి, నడిమి లోతు కొలుస్తోంది. 1,200 మిల్లీమీటర్ల నాభ్యంతరం కావాలంటే నడిమి 1.17 మిల్లీమీటర్లు దిగాలి. ఒకటిన్నర ఏటీఎం కార్డుల మందం, అంతే. దానికే ఇన్ని సాయంత్రాలు. ఇందులో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసే సంగతి ఏమిటంటే, ఈ వంపుని ఎవరూ గీసి చెక్కరు. పైబిళ్ళ అంచు దాటి తోసినప్పుడల్లా దాని నడిమి అరుగుతుంది, కిందిదాని అంచు అరుగుతుంది. పైది గుంట పడుతుంది, కిందిది ఉబ్బుతుంది. ఎటు తోసినా, ఎలా తిప్పినా ఒకదాన్నొకటి పూర్తిగా అంటుకుని ఉండగల వంపు గోళం ఒక్కటే. కాబట్టి రెండు గాజులూ ఒకదాన్నొకటి దిద్దుకుంటూ గోళంలోకి వచ్చి తీరతాయి. తొందరపడకుండా తిరుగుతూ ఉండటమే మన పని.

హెర్షెల్ కథ తనకి చెప్పింది కూడా ఈ డ్రమ్ము దగ్గరే. విలియం హెర్షెల్ ఇంగ్లండులోని బాత్ ఊళ్ళో చర్చి ఆర్గన్ వాయించే సంగీత విద్వాంసుడు, సింఫనీలు రాసినవాడు. చెల్లెలు కరోలిన్ గాయని. పగలు పాఠాలు, కచేరీలు. మిగిలిన పొద్దంతా లోహపు అద్దాలు నూరడం. ఒకసారి మెరుగు పెడుతూ 16 గంటలు చెయ్యి తియ్యలేదట. కరోలిన్ పక్కన కూర్చుని అన్నం నోటికందించేది, అరేబియన్ నైట్స్ చదివి వినిపించేది. 1781 మార్చి 13న ఆ ఇంటి తోటలోంచి ఆయన యురేనస్‌ని పట్టుకున్నాడు. ఆ టెలిస్కోపు అద్దం 6.2 అంగుళాలు.

"మనది ఆరుకి కొంచెం తక్కువ!" అంది మా అమ్మాయి. తర్వాత నోరు తెరిచి నిలబడింది. వాళ్ళ నాయనమ్మ పకోడీల పళ్ళెంతో వస్తోంది మరి. చేతులకి పొడి ఉంది, తాకకూడదు. ఆవిడ ఒక్కో పకోడీ తుంచి మనవరాలి నోట్లో పెట్టింది, తర్వాత నా నోట్లో.

ఇక ఎండాకాలం దాటేయండి. 120, 220, 400, 600 నంబర్ల పొడులు దాటేయండి. పొడి మార్చినప్పుడల్లా వరండా అంతా కడిగి, పాత పేపర్లు పారేసి, గోళ్ళలో కూడా బ్రష్షుతో తోముకున్న సంగతి చాలు. ముతక రేణువు ఒక్కటి మిగిలినా గాజు మీద గీత పడుతుంది. తారులాంటి పిచ్ కరిగించి, కిందిబిళ్ళ మీద పోసి, మైసూర్‌పాక్ ముక్కల్లా గళ్ళు కోసి, దాని మీద సీరియం ఆక్సైడ్‌తో మెరుగు పెట్టిన వారాలు కూడా దాటేయండి. మెరుగు పెట్టేటప్పుడు మోత ఉండదు, పాట మాత్రమే వినిపిస్తుంది.

ఇప్పుడు కార్తీకం. రాత్రి పది. హాల్లో లైట్లు ఆర్పేశాం, ఫ్యాన్ కట్టేశాం, దేవుడి దగ్గర దీపం కొండెక్కే దాకా ఆగాం. ఆ గోడ దగ్గర బల్ల మీద అద్దం నిలబెట్టి ఉంది. ఇక్కడ, 2.4 మీటర్ల దూరంలో, చిన్న ఎల్‌ఈడీ దీపం, ముందు సన్నని చీలిక, పక్కన మర మీద జరిగే షేవింగ్ బ్లేడు. 1858లో పారిస్‌లో లియోన్ ఫూకో కనిపెట్టిన పరీక్ష ఇదే. అద్దానికి ఇంకా అల్యూమినియం పూత లేదు, పడిన వెలుతురులో 4 శాతమే వెనక్కి వస్తుంది. అది చాలు.

కుర్చీలో కూర్చోండి, బ్లేడు వెనక కన్ను పెట్టండి. అద్దం నిండా వెలుగు, పున్నమి చంద్రుడంత గుండ్రంగా. ఇప్పుడు మర మెల్లగా తిప్పండి. బ్లేడు వెలుతురుని కోసే క్షణాన అద్దం మీద నీడలు లేస్తాయి. నునుపు అనుకున్న గాజు మీద కొండలు, లోయలు. వెంట్రుక మందంలో వెయ్యో వంతు తేడా కూడా ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

మా అమ్మాయి అద్దం దగ్గరికి వెళ్ళింది. "నాన్నా, చూస్తూ ఉండు." బొటనవేలు గాజు మీద ఆనించి ఇరవై లెక్కపెట్టింది, తీసి పక్కకి తప్పుకుంది.

చూశారా? సరిగ్గా వేలు పెట్టినచోట ఒక గుట్ట. ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ. పిల్ల ఒంటి వేడికి గాజు ఉబ్బింది, మిల్లీమీటరులో పది వేలో వంతు ఉంటుందేమో. బ్లేడు పక్కన నా కన్ను చెమ్మగిల్లింది, ఇంకో కన్నుతో చూశాను. గుట్ట ఇంకా అక్కడే ఉంది. అది చల్లారి చదును కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు కదలబుద్ధి కాలేదు. పదమూడేళ్ళుగా పట్టుకు తిరిగిన వేలే, దాని వేడికి ఒక ఆకారం ఉంటుందని ఈ రాత్రి దాకా నాకు తెలియదు.

అది చల్లారే లోపు ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు సంగతి చెప్పాను. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసేవాడు. పిల్లవాడు ఆ టెలిస్కోపుల మధ్యే పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు, 1949లో అమెరికాలో చదువుకుంటూ ఒక తోకచుక్కని కనిపెట్టాడు, అది ఆయన పేరునీ కలుపుకుంది. తమిళనాడులోని కావలూరులో 2.34 మీటర్ల అద్దంతో టెలిస్కోపు కట్టించే పని తలకెత్తుకుని, అది పూర్తి కాకముందే 1982లో పోయాడు. ఆ అద్దాన్ని కూడా మన దేశంలోనే, బెంగళూరులో నూరి మెరుగుపెట్టారు.

"2.34 మీటర్లా! దాని చుట్టూ ఎన్ని అడుగులేశారో," అంది. వాళ్ళది మిషను మీద నూరారని నేను చెప్పబోయి, ఊరుకున్నాను.

గుట్ట మాయమైంది. కుర్చీలో ఇప్పుడు తనే కూర్చుంది. బ్లేడు జరిపి, వెనక్కి లాగి, మళ్ళీ జరిపి, చాలాసేపు చూసింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే చదివే డాక్టరు ముందు నిలబడే వాళ్ళ ఓపికతో నేను పక్కన నిలబడ్డాను.

"అంచు బాగుంది. నడిమి కొంచెం ఎత్తు. రేపు పొద్దున్న అరగంట పొడుగు తోపులు చాలు."

"పాటేం పెట్టను?"

"నీ వంతేగా, బాలమురళిదే. కానీ శ్రీరాగం పెట్టు నాన్నా. నాట పెడితే నీ చెయ్యి పరిగెడుతుంది."