పెట్టెలో పాట, గోడమీద పద్యం

మన ఇళ్లల్లో పాత కాగితాల గతి వేరే చెప్పాలా? దసరాకు అటక దులిపితే సగం చాకలిపద్దులు, సగం పెళ్లిపాటలు. రెండూ కలిపి పాతపేపర్లవాడి తక్కెట్లోకి పోతాయి.

అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం వారు మాత్రం సాల్వటోర్ మార్టిరానో అనే సంగీతకర్త కాగితాలను పెట్టెలకెత్తి, పట్టిక రాసి, తమ సూసా భాండాగారంలో పదిలపరిచారు. ఈయన 1927లో పుట్టి 1995లో పోయాడు. ఇటలీలో డల్లాపిక్కోలా అనే పెద్దాయన దగ్గర నేర్చుకున్నది శాస్త్రం. వేళ్లకు అలవాటైంది జాజ్ పియానో. జాజ్ అనగానే కంగారుపడకండి. మన కచేరీల్లో మనోధర్మం ఉంది చూశారూ, ఇంచుమించు అదే. పల్లవి అందరికీ తెలుసు, ఆ తర్వాత ఎటు పోతుందో వాయించేవాడికే తెలియదు!

ఇలినాయ్‌లో పాఠాలు చెబుతూ, 1970 ప్రాంతంలో ఇంజనీర్లను కూడగట్టి ‘సాల్-మార్ కన్‌స్ట్రక్షన్’ అనే ఎలక్ట్రానిక్ వాద్యం కట్టించాడాయన. ముందు వరసలు వరసలుగా మీటలు, తాకితే చాలు. స్వరాలు 24 స్పీకర్లలోంచి గదంతా తిరుగుతాయి. యంత్రం తనంతట తానొకటి అంటుంది, ఆయన దానికి బదులిస్తాడు. అత్తాకోడళ్ల సంవాదం అనుకోండి, ఎవరిది పైచేయో చివరిదాకా తేలదు. మరి అలాంటి పాటను ఏ కాగితం పట్టుకుంటుంది? అందుకే కాబోలు, కాగితాలతోబాటు ఆ యంత్రాన్నీ దాచారు.

ఇక మా ఇందూరు సంగతి. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో వెలసి 2015లో మూతబడిన నిజాం షుగర్స్‌కు చెరకు తోలిన బండికి తూకపు చీటీ ఉండేది. బండివాడు దారి పొడవునా పాడిన పాటకు చీటీ ఎవరిచ్చారు?

నిజామాబాదు కోట జైల్లో, 1947-48 నాటి పోరాట రోజుల్లో, దాశరథి కృష్ణమాచార్యగారు ఖైదీ. కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో గోడమీద నిజామును నిలదీస్తూ పద్యం రాశారు. జైలువాళ్లు చెరిపేస్తే మళ్లీ రాశారట. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామిగారు. అక్షరాలు గోడమీంచి పోయినా పద్యం నోటికెక్కి గోడ దాటింది. పెట్టె లేదు, పట్టిక లేదు, అయినా తెలంగాణలో ఆ పద్యం తెలియని ఇల్లు అరుదు.

కానీ అన్ని పాటలకూ అంత అదృష్టం ఉండదు కదా. మా మేనత్త దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. అట్ట ఊడింది, నూనె మరకలు. అందులో బతుకమ్మ పాటలు, అప్పగింతల పాటలు ఆవిడ చేతిరాతలో ఉన్నాయి. మాటలైతే ఉన్నాయి గాని, వరసలు మాత్రం ఆవిడ గొంతులోనే. ఆవిడకిప్పుడు ఎనభై రెండేళ్లు. మొన్న మనవరాలు సెల్‌ఫోన్ ముందుపెట్టి, “పాడు నానమ్మా, దాచిపెడతా” అంటే, ఆవిడ ఫోను పక్కకు జరిపి అన్నది గదా:

“ఒక్కదాన్నే పాడితే గది బతుకమ్మ పాటెట్లయితది బిడ్డా? పోయి నలుగురిని పిలుచుకరాపో.”