ఎడమ నుంచే మొదలవ్వాలా? – కుడి నుంచి రాసే భాషలూ, వికీ సాఫ్ట్‌వేరూ

మఖ్దూం మొహియుద్దీన్ 1908లో పుట్టి 1969లో పోయాడు. ఈ పత్రిక పాఠకులకు ఇది చెప్పనక్కరలేదు. అయితే ఒక వికీ పుటలో ఆయన పేరును ఉర్దూ లిపిలో కూడా రాసి, కామా పెట్టి, పక్కనే 1908–1969 అని టైపు చేస్తే తెర మీద నాకు కనిపించింది 1969–1908. పైగా ఆ ఏళ్లు పేరుకు తర్వాత ఉండక, పేరుకు ఎడమవైపు వచ్చి కూర్చున్నాయి. చెరిపి మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. కవి పుట్టడానికి అరవయ్యొక్క ఏళ్ల ముందే పోయాడన్నమాట!

నా తప్పా, యంత్రం తప్పా అని వెతుక్కుంటూ పోతే ఆ వెతుకులాట నన్ను ఉర్దూ దగ్గర ఆగనివ్వలేదు, హీబ్రూ దాకా తీసుకుపోయింది. ఉర్దూ, అరబ్బీ, పారశీకాలకు వచ్చిన చిక్కే హీబ్రూకూ వచ్చింది. అయితే ఆ చిక్కు ఎక్కడ మొదలైందో హీబ్రూ చరిత్రలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

రాత ఎడమ నుంచి కుడికి సాగడం సహజమని మనం అనుకుంటాం. అది సహజమూ కాదు, శాశ్వతమూ కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుడి లఘు శిలాశాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి. లిపి మన లిపులకు తల్లి అయిన బ్రాహ్మీయే. చెక్కినవాడి చేతికి రెండు దిక్కులూ తెలుసు. కంప్యూటరుకు మాత్రం పుట్టుకతో ఒకే దిక్కు తెలుసు. అది దాన్ని కనిపెట్టినవాళ్ల దిక్కు.

హీబ్రూకు అక్షరాలు ఇరవై రెండు. మాట చివర రూపం మారేవి ఐదు. మొత్తం ఇరవై ఏడు. తొలినాటి ఏడు బిట్ల సంకేతంలో వీటికి విడిగా చోటు దొరకలేదు. అందుకని ఇంగ్లీషు చిన్నక్షరాలను లేపేసి ఆ గదుల్లో వీటిని కూర్చోబెట్టారు. అద్దె ఇంట్లో కాపురం లాంటిది. తర్వాత ఎనిమిది బిట్లు వచ్చాయి, 1988లో అంతర్జాతీయ ప్రమాణమూ వచ్చింది. అక్షరాలకు సొంత గదులు దొరికాయి గాని దిక్కు సమస్య తీరలేదు.

1990ల వెబ్ పుటల్లో ఆ సమస్యకు వేసిన ఎత్తు చూడండి. బ్రౌజరుకు కుడి నుంచి రాయడం రాదు. కనుక హీబ్రూ వరుసను తలకిందులు చేసి, చివరి అక్షరాన్ని మొదట పెట్టి దాచేవారు. యంత్రం తన అలవాటు ప్రకారం ఎడమ నుంచి పేర్చుకుపోతే చదివేవాడి కంటికి అది సరిగానే కనిపించేది. దీన్ని ‘కంటి క్రమం’ అందాం. నాటకాల్లో వెనక తెర మీద గీసిన తలుపు లాంటిదిది. చూడటానికి తలుపే, తీయబోతే రాదు. కిటికీ కాస్త ఇరుకైతే వరుస విరిగి, వాక్యం మొదలు కింది వరుసలో పడేది. అందుకే ప్రతి వరుసనూ చేత్తో విరిచి పెట్టుకునేవారు. ఒక మాట వెతకాలంటే దాన్ని తిరగేసి కొట్టాలి. పేరా మధ్యలో ఒక్క మాట చేర్చినా అక్కడినుంచి కింది వరుసలన్నీ మళ్లీ విరవాలి.

అంటే కంటి క్రమం చదివేవాడికి పనికొస్తుంది, రాసేవాడికి పనికిరాదు. నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ కీలకం ఇక్కడే ఉంది.

రెండో దారి ‘పలుకు క్రమం’. నోటితో పలికే వరుసలోనే అక్షరాలను దాచాలి, ఏ దిక్కున చూపాలో తెర మీదికి తెచ్చేటప్పుడు నియమాలతో తేల్చాలి. 1991లో వచ్చిన యూనికోడ్ ఈ దారినే పట్టింది. 1997 చివరలో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.0లో పుటకు దిక్కు చెప్పే గుర్తు చేరింది. ఆ నియమాల్లో అక్షరాలు బలమైనవి, అంకెలు బలహీనమైనవి, విరామచిహ్నాలు తటస్థమైనవి. ఈ పేర్లు నేను కల్పించినవి కావు, ప్రమాణంలో ఉన్నవే. తటస్థులు పక్కనున్న బలవంతుడి దిక్కునే నడుస్తారు. (ఈ సూత్రం మన సాహిత్య సభల్లోనూ పనిచేయడం నేను చూశాను.) మఖ్దూం ఏళ్లు తిరగబడింది ఇందువల్లే. ఉర్దూ పేరు పక్కనున్న కామా, ఏళ్ల నడుమనున్న గీత ఆ పేరు దిక్కునే పోయి అంకెలనూ వెంట తీసుకుపోయాయి.

ఇక వికీ సంగతి. ఎవరైనా దిద్దగల పుటనే వికీ అంటాం. 1995లో వార్డ్ కనింగ్‌హామ్ మొదటి వికీని పెట్టినప్పుడు ఒక పుట నుంచి మరో పుటకు లంకె వేయడానికి రెండు ఇంగ్లీషు మాటలను అతికించి, ఒక్కోదాని మొదట పెద్దక్షరం పెట్టేవారు. చాలా తేలిక, ఇంగ్లీషువాడికి. హీబ్రూలో పెద్దక్షరాలు లేవు. అరబ్బీలో లేవు. తెలుగులోనూ లేవు. 2001 జనవరిలో మొదలైన వికీపీడియా కూడా తొలి వారాల్లో ఈ పద్ధతినే వాడింది. ఆ ఏడాదే జంట చదరపు బ్రాకెట్లు వచ్చాయి. హీబ్రూకు అనుకోకుండా ఒక తలుపు తెరుచుకుంది. అది హీబ్రూ కోసం చేసిన పని కాదు. ఇంగ్లీషువాళ్లకే పాత పద్ధతి వికారంగా తోచి మార్చుకున్నారు.

2003 జూలైలో హీబ్రూ, అరబ్బీ వికీపీడియాలు మొదలయ్యాయి. మన తెలుగు వికీపీడియా అదే ఏడాది డిసెంబరు 10న మొదలైంది. పలుకు క్రమం లేకపోతే హీబ్రూది సాధ్యమయ్యేదే కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. వందమంది దిద్దే పేరాలో ప్రతిసారీ వరుసలు చేత్తో విరిచేవాడెవడు?

అయినా అక్షరాలు కుదిరినంత మాత్రాన పుట కుదరలేదు. సాఫ్ట్‌వేరులో అడుగడుగునా ‘ఎడమ’, ‘కుడి’ అని రాసి ఉంది. పక్క పట్టీ ఎడమన, బొమ్మ కుడిన, జాబితా చుక్కలు ఎడమన. హీబ్రూలో ఇవన్నీ తిరగబడాలి. ఇంగ్లీషు పుటకు ఎవరో కొత్త అలంకారం చేర్చినప్పుడల్లా కుడి నుంచి రాసేవాళ్ల పుట చెదిరేది. దాన్ని సర్దడం అధికభాగం జీతం లేని స్వచ్ఛంద శ్రమ. ఆ శ్రమ బయటికి కనిపించదు. సరిగా ఉన్న పుటను చూసి ఎవరూ ఆశ్చర్యపోరు కదా.

2011లో ఈ పరిస్థితి మారింది. అలంకార సూత్రాలను చదివి ఎడమను కుడిగా, కుడిని ఎడమగా తానే మార్చే ‘సీఎస్ఎస్ జానస్’ అనే పరికరాన్ని మీడియావికీ తనలో కలుపుకుంది. జానస్ రెండు ముఖాల రోమన్ దేవుడు. ఆ ఏడాది చివర వచ్చిన 1.18 కూర్పులో పుట భాషకు ఒక దిక్కు, చుట్టూ ఉన్న మీటల భాషకు మరో దిక్కు ఇవ్వడం మెరుగైంది. హీబ్రూ కోసం సరిచేసిన చోటల్లా అరబ్బీ, పారశీకం, ఉర్దూ కూడా బాగుపడ్డాయి. రాజ్యాల పగలు ఈ సూత్రాలకు తెలియవు.

ఇదంతా మనకెందుకు అనే మిత్రులకు ఒక జ్ఞాపకం. వెబ్ వచ్చిన కొత్తలో తెలుగు దినపత్రికలు ఎవరి ఫాంటు వాళ్లు పెట్టుకున్నాయి. దాని లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తలకట్లూ కొమ్ములూ వట్రసుడులూ ముక్కలు ముక్కలుగా పేర్చిన బొమ్మలు. ఫాంటు లేనివాడికి పిచ్చిగీతలు. ఉన్నవాడు చదవగలడు గాని వెతకలేడు, తీసి తన వ్యాసంలో ఉదహరించలేడు. మనదీ ఒక కంటి క్రమమే. ఆ పద్ధతిలో వెబ్‌కెక్కిన ఎన్నో వ్యాసాలు ఇవాళ ఏ పరిశోధక విద్యార్థి వెతుకులాటకూ దొరకవు.

మఖ్దూం పుటకు మళ్లీ వెళ్లాను. ఉర్దూ పేరును ఒక మూసలో పెట్టి, ఇది ఉర్దూ, దీని దిక్కు దీనికే, పక్కవాటిని లాగవద్దు అని యంత్రానికి చెప్పాను. పుట మీద 1908–1969 సరిగా నిలిచింది. దిద్దుబాటు పెట్టెలో మాత్రం ఇప్పటికీ తిరగబడే కనిపిస్తుంది. రేపు ఎవరైనా సదుద్దేశంతో సరిచేయబోతారేమోనని, ‘ఏళ్లు సరిగానే ఉన్నాయి, మార్చవద్దు’ అని పక్కన ఒక వ్యాఖ్య రాసిపెట్టి వచ్చాను.